మంచుతాత తిరగలి

ఒకప్పుడు ఉత్తరాది కొండల్లో మంచునదులు కదిలేవి కావు. కొండల నడుమ తెల్లగా, చల్లగా, ఉన్నచోటే పడుకుని ఉండేవి. వాటి కింద నుంచి కారే నీళ్ళు అద్దంలా ఉండేవి. అడుగున ఉన్న గులకరాయి కూడా పైకి కనబడేది.

ఆ రోజుల్లో గోదావరి ఒడ్డు నుంచి ఒక కుటుంబం బదరీనాథుణ్ణి చూడాలని బయల్దేరింది. తండ్రి సోమలింగం, తల్లి పేరిందేవి, వాళ్ళ కూతురు బుల్లెమ్మ. కొండల మొదట్లో ఎడ్లబండి వదిలేసి, ఒక పొట్టి గుర్రం మీద మూటలు కట్టుకుని నడక సాగించారు.

దారి పొడుగునా బుల్లెమ్మకి ప్రశ్నలే. ఆ ఎలుగుబంటికి జుట్టు ఎవరు దువ్వుతారు? కొండమేక అంత నిట్టనిలువు రాతిమీద ఎలా నిలబడింది, కాళ్ళకి జిగురు రాసుకుందా? తండ్రి తెలిసినవి చెప్పేవాడు. తెలియనివి స్వామికి వదిలేసేవాడు.

పేరిందేవికి ఒక నియమం ఉంది. ఎక్కడ నిద్రచేసినా, తెల్లారగానే ఆ చోట కళ్ళాపి చల్లి బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది. సత్రం అరుగైనా అంతే, చెట్టు కిందైనా అంతే. ముగ్గు పడనిదే పొయ్యి వెలిగేది కాదు. మనకి చోటిచ్చిన గడపని బోసిగా వదిలి వెళ్ళకూడదు అనేది.

అలా పెడుతూ పెడుతూ వెళ్ళి, ఒకనాడు పెద్ద మంచునది పక్కన నిద్రచేశారు. లేచి చూస్తే సంచిలో గుప్పెడు పిండే మిగిలింది. బియ్యం ఎప్పుడో అయిపోయాయి. ఊరు చేరాలంటే కొండ దాటాలి. బుల్లెమ్మ ముందురోజు కూడా సరిగ్గా తినలేదు. ఆ గుప్పెడూ జావ కాస్తేనే పిల్ల నడవగలదు.

ఈ పూటకి ముగ్గు మానెయ్యమని సోమలింగం మెల్లగా చెప్పాడు. స్వామి ఏమీ అనుకోడన్నాడు. పేరిందేవి పిల్ల ముఖం చూసింది, సంచి చూసింది. నీళ్ళు చల్లి, చుక్కలు మొదలుపెట్టింది.

పైన రాతిమీద కూర్చున్న మంచుచిరుతకి నవ్వొచ్చింది. "తెల్లటి మంచుమీద తెల్లటి పిండి! ఎవరికి కనబడాలనో పాపం."

నిజమే, ఒక్క చుక్కా కనబడలేదు. కానీ మంచునదికి ఒళ్ళు పులకరించింది. తన గడప దగ్గర ఇంతవరకూ ఎవరూ వంగలేదు. ఏం చేస్తున్నారని అడిగింది.

ముగ్గు పెట్టేటప్పుడు అమ్మ మాట్లాడదు. అందుకని బుల్లెమ్మే చెప్పింది. "నీ గడపకి ముగ్గు, మంచుతాతా. మమ్మల్ని పడుకోనిచ్చావుగా."

"మరి ఆ పిండి అయిపోతే నువ్వేం తింటావు?"

"ఏమో," అంది బుల్లెమ్మ.

మంచుతాత ఈసారి పేరిందేవితో అన్నాడు, "ఆగు తల్లీ. అది పొయ్యిమీద పెట్టు. ముగ్గుపిండి నేనిస్తాను."

ఆయన పొట్టకింద బోలెడన్ని రాళ్ళు ఉన్నాయి. అవి నలగాలంటే ఆయన కదలాలి. ఆ మాట వినగానే మంచుచిరుత నవ్వు ఆపి కిందికి దూకింది. ఒకసారి కదిలితే మళ్ళీ ఆగలేవని చెప్పింది. రోజూ కాస్త జారుతూ, కొస దగ్గర నీళ్ళైపోతావు, వద్దు తాతా అని బతిమాలింది.

"పడుకుని పడుకుని నడుం పట్టేసిందిలే," అన్నాడు మంచుతాత.

అని, గర్రుమని కదిలాడు. కొండంతా తిరగలి తిప్పినట్టు మోగింది. రాయికింద రాయి నలిగి, బూడిదరంగు పిండి మెత్తగా రాలింది. పేరిందేవి కళ్ళకద్దుకుని ముగ్గు పూర్తిచేసింది. మంచుమీద గీత గీతా తేటగా కనబడింది. మంచుచిరుత ముగ్గు తొక్కకుండా పక్కనుంచి తిరిగివెళ్ళింది.

జావ ఉడికింది. బుల్లెమ్మ గిన్నె నాకేసి లేచింది. రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"తాతా, మా వెనకాల వచ్చేవాళ్ళ పిండి కూడా అయిపోతేనో?"

"వాళ్ళకీ విసురుతూనే ఉంటాలే. నువ్వు జాగ్రత్తగా నడువు."

అప్పటినుంచే మంచునది రోజూ కాస్త కాస్త కదులుతుంది. చెవి ఒగ్గి వింటే లోపల రాళ్ళు నలిగే చప్పుడు వినబడుతుంది. దాని కిందనుంచి వచ్చే నీళ్ళు అద్దంలా ఉండవు. ఇప్పుడే ఎవరో ముగ్గుగిన్నె కడిగి పారబోసినట్టు, మసక తెల్లగా ఉంటాయి.