మెడలో కట్టిన చీటీ

చదువురాని వాళ్ళకు వైద్యం చేయడం వైద్యానికే అవమానమని ఆ ఉదయం మునవ్వర్ గురువుగారి ఎదుటే అనేశాడు.

హకీం బుర్హాన్ సాహెబ్ కల్వంలో మందు నూరుతున్నారు. కర్నూలులో ఒక దర్గా గోడను ఆనుకొని ఉన్న ఆ దవాఖానాలో మునవ్వర్ నాలుగేళ్ళుగా ఆయన శిష్యుడు. నాడి చూడడంలో దిట్ట. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆ రాత మీద అతనికి మమకారంతోపాటు కొంత గర్వమూ ఉంది.

అతని ఆగ్రహానికి కారణమైన మద్దక్క గుమ్మం పక్కనే ఒదిగి కూర్చుంది. నాపరాళ్ళ గనిలో కూలి. ఒళ్ళో మూడేళ్ళ మనవరాలు జ్వరంతో మూలుగుతోంది. ఐదు రోజుల క్రితం ఇదే బిడ్డను తెచ్చినప్పుడు మునవ్వర్ నాడి చూసి, కొనవలసిన దినుసులూ కషాయం కాచే విధానమూ చీటీ మీద రాసి, ఒక్కసారి గడగడా చదివి వినిపించాడు. అర్థమైందా అని అడిగితే ఆమె తల వంచి, అట్లనే సామీ అంది. ఈరోజు ఆ చీటీ పసుపు గుడ్డలో చుట్టి, బిడ్డ మెడలో తాయెత్తై వేలాడుతోంది. దినుసులు కొన్నదీ లేదు, కషాయం కాచిందీ లేదు.

"ఐదు రోజులు, హుజూర్! ఆ ఊపిరి చూడండి. అంత స్పష్టంగా రాసిచ్చాను. ఇంతకన్నా ఏం చేయాలి నేను?"

మద్దక్క తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "పక్కన దర్గాలో కాయితమిస్తే మెడలో కడతాం సామీ. ఇదీ ఆ గోడకే ఉండాది గదా, అట్లాంటిదే అనుకుంటి."

"అడగడానికి నోరు లేదా?"

"మీరు తొందరమీద ఉంటిరి. తెలీలేదంటే తిడతారని."

కల్వంలో రాయి ఆగింది.

గురువుగారు లేచి వచ్చి బిడ్డను తన ఒళ్ళోకి తీసుకున్నారు. తేనెలో మందు రంగరించి, వేలితో నాలుక మీద కొద్దికొద్దిగా రాసి, ఊపిరి కాస్త నెమ్మదించేదాకా ఒళ్ళోంచి దించలేదు. ఆ తర్వాత మెడలోని ముడి విప్పి చీటీని వెలుతురుకు పట్టి చూశారు.

"రాత నీదేనా?"

"నాదే, హుజూర్."

"చక్కగా ఉంది. చెయ్యి చాపు."

చీటీని అదే పసుపు గుడ్డలో చుట్టి శిష్యుడి దండచేతికి కట్టారు. ముడిని పటపటలాడేలా బిగించారు. నాలుగేళ్ళలో మునవ్వర్ ఆయన కోపాన్ని చూడడం అదే మొదటిసారి.

"ఆ బిడ్డకు ఇది పనిచేయలేదు. నీకేమైనా పనిచేస్తుందేమో చూద్దాం."

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. మునవ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. దీన్ని ఎన్నాళ్ళు మోయాలని మాత్రం అడగగలిగాడు.

"తెలీలేదని ఒక రోగి నీ మొహం మీదే, భయం లేకుండా చెప్పేదాకా."

మద్దక్కను మూడు రోజులు అక్కడే ఉంచారు. దవాఖానా పొయ్యి మీద ఆమె చేతే దంచించి, కాయించి, వడగట్టించారు. పక్కన నిలబడి చూపించవలసిన బాధ్యత మునవ్వర్‌ది. నాలుగో రోజు బిడ్డ జ్వరం దిగింది.

చీటీ మాత్రం దిగలేదు. మునవ్వర్ రోగులకు నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. అట్లనే సామీ అన్నారు. బల్ల దిగి రోగి పక్కన చాప మీద కూర్చున్నాడు. అట్లనే సామీ అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా దండ దగ్గర గుడ్డ ఒరుసుకునేది. తన గొంతులో ఏముందని వీళ్ళు ఇంతగా బెదురుతారో అతనికి అంతుబట్టేది కాదు. తర్వాత్తర్వాత, అంతుబట్టింది: అర్థమైందా అని తను అడిగేది ప్రశ్నలా కాదు, గద్దింపులా ఉండేది.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు గొర్రెల కాపరి పుల్లన్న, కాలి పుండుకు పూయవలసిన లేపం ఒక చేత్తో, తాగవలసిన మందు ఇంకో చేత్తో పట్టుకొని చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"ఏది దేనికో నాకు తెలీలే నాయనా. ఇంగోసారి చెప్పు."

బుర్హాన్ సాహెబ్ తల తిప్పకుండానే, దండకున్న ముడి కోసుకొమ్మన్నట్టు, కట్టుగుడ్డలు కోసే కత్తెరను నేల మీదుగా శిష్యుడి వైపు జరిపారు.

మునవ్వర్ దాన్ని ముట్టుకోలేదు. చాప మీద ఇంకొంచెం ముందుకు జరిగి, పుల్లన్న కుడిచేతిని తన చేతిలోకి తీసుకొని, మళ్ళీ మొదటినుంచి చెప్పసాగాడు.