ఉగ్గుగిన్నెడు పాలు

బొబ్బిలిలో అప్పలనర్సమ్మ అనే పెద్దావిడ ఉండేది. ఎవరేం చెప్పినా బుద్ధిగా తల ఊపేది, ఆ తర్వాత తనకు తోచిందే చేసేది. ఎవరైనా నిలదీస్తే, "నేనా? నేనెందుకు చేస్తానమ్మా!" అనేది.

ఆవిడ మనవడు గుండెలో పెద్ద లోపంతో పుట్టాడు. రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి అతుక్కుపోయాయి. ఏడిస్తే చాలు, పెదాలు నీలంగా మారేవి. విశాఖపట్నంలోని పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. "తెల్లవారుజాము నుంచి చుక్క పాలు కూడా పట్టకండి" అని నర్సు చెప్పింది. అందరికంటే ముందు తల ఊపింది అప్పలనర్సమ్మే.

ఆపరేషన్ రోజు పొద్దున్నే పిల్లాడు ఆకలికి గుక్కపట్టాడు. కోడలు సుగుణ మొహం కడుక్కోవడానికి వెళ్లింది. మామ్మ మనసు ఆగలేదు. "ఖాళీ కడుపుతో అంత కోతకు ఎలా తట్టుకుంటాడు నా తండ్రి?" అనుకుని, కొంగుచాటున దాచి తెచ్చిన ఉగ్గుగిన్నెతో పాలు పట్టేసింది. పిల్లాడు నిద్రపోయాడు.

కాసేపటికి నర్సు వచ్చింది. "మామ్మగారూ, ఏమీ పట్టలేదు కదా?"

"నేనా? నేనెందుకు పడతానమ్మా!"

పిల్లాణ్ణి లోపలికి తీసుకుపోయారు. అప్పలనర్సమ్మ కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఉండబట్టలేక, "పాలెందుకు వద్దన్నారే, సుగుణా?" అని అడిగింది.

"మత్తిచ్చాక కడుపులో పాలు పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లో పడతాయట, అత్తమ్మా. అప్పుడు గుండె బాగుచేసినా బిడ్డ దక్కడట!"

ఆవిడ ఆపరేషన్ గది తలుపు వైపు చూసింది. చెబితే కోడలి ముందు తలెత్తుకోలేదు. చెప్పకపోతే? అబ్బ, ఆ మొండి మనిషికి అప్పటికిగానీ బుద్ధి రాలేదు! పరుగెత్తి తలుపు దబదబా బాదింది. "ఆపండయ్యా! పాలు పట్టాను! నేనే పట్టాను!"

అదృష్టం బాగుండి మత్తు ఇంకా ఇవ్వలేదు. డాక్టరు బయటికొచ్చి, "చెప్పి బతికించారు. కానీ ఈరోజుకు ఇంకో బిడ్డను తీసుకుంటాం. మీరు రెండు రోజులు ఆగాల్సిందే" అన్నాడు.

ఆగిన ఆ రెండు రోజులూ పిల్లాడు ఊపిరందక ఎగరొప్పుతూనే ఉన్నాడు. సుగుణ అత్తతో పలకలేదు. అప్పలనర్సమ్మ ముద్ద మింగలేక వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఏ తలుపు చప్పుడైనా ఉలిక్కిపడేది.

మూడో రోజు ఆపరేషన్ జరిగింది. పిల్లాణ్ణి చూసొచ్చిన సుగుణ కళ్లు తుడుచుకుంటూ, "రండత్తమ్మా, చూడండి. పెదాల నీలం పోయింది" అంది. అప్పలనర్సమ్మ కోడలి చేతులు పట్టుకుని భోరుమంది.

చూశారా పిల్లలూ! తప్పు ఒప్పుకుంటే పోయేది మన పరువే. దాచిపెడితే ఒక్కోసారి ఎదుటివాళ్ల ప్రాణమే పోతుంది.