బిందెలో ఉంగరం ఎవరు తీశారు?

గోగులకోట రాజు రణభూపతికి ఒకరోజు భోంచేసి చెయ్యి కడుక్కుంటుండగా ఓ ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు రావడమే అరుదు. వస్తే మాత్రం జనం చచ్చారన్నమాటే.

"పొరుగు రాజ్యాల వాళ్ళు పెళ్ళి పేరు చెప్పి మన ఊళ్ళో తిష్ఠ వేస్తున్నారు. ఇకమీదట మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడివిడిగా ప్రశ్నలడగండి. జవాబులు కలిస్తేనే దంపతులు. మూడుసార్లు తప్పితే పొలిమేర దాటించెయ్యండి!" అన్నాడు.

ఆ పని ద్వారాధికారి దండపాణికి దక్కింది. ఇక మనిషి నేలమీద నిలిస్తే ఒట్టు. వంటింటి దీపం మొదలు అత్తగారి అలక దాకా నూటపదహారు ప్రశ్నలు రాశాడు. వాటికి జవాబులు బట్టీ పట్టించే బడి ఒకటి కోటగుమ్మం ఎదురుగానే వెలిసింది. అది ఆయన బావమరిదిదే కావడం కేవలం దైవఘటన! ఆ బడిలో కూర్చుంటే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా సాయంత్రానికల్లా ఆదర్శ దంపతులై బయటికొచ్చేవారు.

చిక్కంతా నిజం మొగుడూ పెళ్ళాలకే. కుమ్మరి ఎల్లమంద పొరుగు రాజ్యపు గురవమ్మను చేసుకుని ఆరేళ్ళయింది. రెండుసార్లు పరీక్షకు వెళ్ళారు, రెండుసార్లూ ఒకే ప్రశ్న దగ్గర బోల్తా పడ్డారు. మూడోసారి రాజుగారి ఎదుటే. అదీ తప్పితే గురవమ్మ మూట సర్దుకోవాల్సిందే.

ఇద్దరూ లబోదిబోమంటూ కోనప్ప దగ్గరికి పరుగెత్తారు. కోనప్ప రాజుగారికి తాంబూలం అందించేవాడు. ఆకు మడిచినంత సులువుగా మనుషుల్నీ మడిచేస్తాడని పేరు.

"ఏమిటా ప్రశ్న?" అన్నాడు.

"పెళ్ళిలో బిందెలోంచి ఉంగరం ఎవరు తీశారని బాబూ. తీసింది నేనే గదా!" అంది గురవమ్మ.

"దీని మొహం! తీసింది నేను," అన్నాడు ఎల్లమంద.

"ఎవరో ఒకరి పేరు చెప్పి ఏడవండర్రా! కాపురం ముఖ్యమా, ఉంగరం ముఖ్యమా?"

గురవమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈయన్ని వదిలి నేనెక్కడికి పోను బాబూ? ఒక్కపూట నేను లేకపోతే ఈయన అన్నం తినడం కూడా మర్చిపోతాడు." ముక్కు తుడుచుకుంది. "అయినా ఉంగరం నేనే తీశాను."

వీళ్ళకు నేర్పడం కంటే గేదెకు సంగీతం నేర్పడం నయమనిపించింది కోనప్పకి. అంతలో ఏదో తట్టి నవ్వాడు.

"ఏమీ మార్చకండి. ఉన్నదున్నట్టు చెప్పండి."

మర్నాడు సభ కిటకిటలాడింది. తెర వెనక రాణీగారు కూడా వచ్చి కూర్చున్నారు. ముందు ఎల్లమందని పిలిచి అడిగారు. "నేనే తీశాను," అన్నాడు. అతన్ని బయటికి పంపి గురవమ్మని అడిగారు. "నేనే," అంది.

దండపాణి మీసం దువ్వాడు. "విన్నారా ప్రభూ? దొంగ దంపతులు!"

"అధికారిగారి మాటకు తిరుగేముంది?" అంటూ కోనప్ప ముందుకొచ్చాడు. "నిజమైన దంపతులైతే జవాబు కలవాల్సిందే. అంతేనా అయ్యా?"

"ముమ్మాటికీ!"

"ఎంత గొప్పవాళ్ళయినా?"

"ఎవరైనా సరే!" పొగడ్త చెవిన పడగానే దండపాణి బుర్ర పనిచెయ్యడం మానేస్తుంది.

కోనప్ప రాజుకు చేతులు జోడించాడు. "ప్రభూ, ఈ మొండివాళ్ళకు బుద్ధొచ్చేలా తమరే చెప్పండి. మీ పెళ్ళిలో ఉంగరం ఎవరు తీశారు?"

"ఇంకెవరు? మేమే!" అన్నాడు రణభూపతి ఛాతీ విరుచుకుని.

తెర వెనక గాజులు గలగలమన్నాయి.

"ఏమిటీ, మీరా? మూడుసార్లూ నేనే తీశాను! మీ చెయ్యి బిందెలో ఇరుక్కుంటే మా అన్నయ్య వచ్చి లాగాడు!"

కోనప్ప వినయంగా దండపాణి వైపు తిరిగాడు.

"అయ్యా, రాణీగారిదీ పొరుగు రాజ్యమే కదా. వారిని ఏ పొలిమేర దాటిస్తారు?"

ముందుగా తెర వెనక నవ్వు పుట్టింది. తర్వాత రాజు పకపకా నవ్వాడు, ఇక సభను ఆపేవాడెవడు?

ఆ క్షణమే పరీక్ష రద్దయింది, బడి మూతపడింది. గురవమ్మ ఊళ్ళోనే ఉండొచ్చన్న అనుమతిపత్రం మీద రాజు తన చేత్తోనే ముద్ర వేశాడు. కోనప్పకు తన వేలి ఉంగరం తీసి ఇవ్వబోయాడు. అది వేలికి బిగుసుకుపోయి ఓ పట్టాన ఊడిరాలేదు.

"ఇలా తెండి," అంది రాణి తెర పక్కకు తీసి. ఒక్క లాగు లాగి కోనప్ప చేతిలో పెట్టింది. "ఇప్పుడు సభంతా చూసింది. ఉంగరం తీసిందెవరు?"