ఉత్తరానికి ఒరిగిన గరగమ్మ

రండి పిల్లలూ, దగ్గరగా జరిగి కూర్చోండి. గుమ్మంలో నిలబడ్డవాళ్ళూ లోపలికి రండి, నా గొంతు అక్కడిదాకా రాదు.

గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన వేములదిబ్బలో గరగమ్మ తల్లి కొలువై ఉన్నది. నెత్తిన పెట్టుకొని మోసే ఇత్తడి కలశం, ఆ గరగే అమ్మవారి రూపం. ఏ ఊళ్ళోనైనా గరగ నిటారుగా నిలుస్తుంది. మన గరగ ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు అది పడిపోతుందేమోనని చేతులు చాస్తారు. కథ విన్నాక ఆ చేతులతోనే దణ్ణం పెడతారు.

పూర్వం ఇక్కడ పైడయ్య అనే భక్తుడు ఉండేవాడు. గరగ మోసే సేవ తాతల నాటి నుంచీ వాళ్ళ ఇంటిదే. జాతరలో పెద్ద నెగడు వేసేవారు. పైడయ్య గరగ నెత్తిన పెట్టుకొని, డప్పుల మోతకు తన చుట్టూ తాను గిర్రున తిరుగుతూ, ఆ నెగడు చుట్టూ కూడా తిరిగివచ్చేవాడు. ఒక ఏడు ఆట మధ్యలో గరగ ఒరిగింది. కింద పడలేదు. అతడు ఎటు తిరిగినా దాని శిఖరం ఉత్తరానికే వాలి ఉంది.

ఊరిపెద్ద కామయ్య డప్పులు ఆపించాడు.

"ఒరే పైడీ! అమ్మోరిని మోత్తన్నావా, కల్లుకుండ మోత్తన్నావా?"

జనం గొల్లున నవ్వారు.

"రేపు సాయంత్రానికి తిన్నగా నిలబెట్టు. లేదంటే గరగ ఇంకో ఇంటికి పోద్ది" అన్నాడు కామయ్య.

మర్నాడు పొద్దుటి నుంచీ పైడయ్య పెరట్లో గరగ కింద ఉండే తలగుడ్డ విప్పుతూ చుడుతూ అవస్థ పడ్డాడు. గరగ నిలిస్తే ఒట్టు. తన చేతిలో వంశం పరువు పోతుందని కుమిలిపోయాడు.

"ముందు ఆ గంజి తాగవయ్యా. నువ్వు నిలబడితే కదా అది నిలబడేది!" అని కసిరింది భార్య సూరమ్మ.

గంజి తాగి అరుగు మీద ఒరిగితే కునుకు పట్టింది. కలలో అమ్మవారు భూదేవిగా కనిపించింది.

"నాయనా, ఒరిగింది నేను. నా చుట్టూ నేను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరుగుతాను. ఎక్కడ ఉన్నా నా తల ధ్రువుడి వైపే. నేను నిటారుగా తిరిగితే మీకు కాలాలు మారతాయా? వెళ్ళి ఊరికి చూపించు" అని ఆనతిచ్చింది.

సాయంత్రం పైడయ్య గరగకు తడి పసుపు పూసి వచ్చాడు. నెగడుకు దక్షిణాన నిలిచి చాలాసేపు గిర్రున తిరిగాడు. శిఖరం మంట వైపు వాలడంతో పై పసుపు ఎండి బీటలిచ్చింది, అడుగున తడి ఆరలేదు. మళ్ళీ పసుపు పూసి ఉత్తరాన తిరిగాడు. ఈసారి అడుగు ఎండింది, పైన తడి మిగిలింది.

"ఈ పైభాగమే మనముండే నేలండి, కామయ్యగారూ. నెగడు సూర్యుడు. దక్షిణాన ఉన్నప్పుడు మనకి ఎండాకాలం, ఉత్తరానికొస్తే చలికాలం. నేను గిర్రున తిరిగే ఒక్కో చుట్టూ ఒక పగలూ రాత్రీ. నెగడు చుట్టూ తిరిగొస్తే ఏడాది" అన్నాడు పైడయ్య రొప్పుతూ.

కామయ్య పసుపును వేలితో తాకి చూశాడు. "మరి నిటారుగా ఉంటే?"

"ఏడాదంతా ఒకటే ఎండండి. మీ చేలో నాట్లకి వానాకాలం ఎక్కణ్ణుంచొస్తది?"

కామయ్య తన పైగుడ్డ తీసి పైడయ్య నడుముకు కట్టి, జనం వైపు తిరిగాడు.

"ఇక మీదట ఈ ఊళ్ళో గరగని ఎవడన్నా తిన్నగా మోశాడో, ఆడి సంగతి నేను చూత్తాను!"

నాటి నుంచి నేటి వరకు పైడయ్య వంశీకులే ఆ గరగను ఒరగనిచ్చి మోస్తున్నారు. నెగడును ఎడమచేతి వైపు ఉంచుకొని తిరుగుతారు, భూమి తిరిగేది అటే కాబట్టి. ఎండిన పసుపును రైతులు విత్తనాలలో కలుపుకుంటారు. అలా చేస్తే కాలానికి వాన పడుతుందని నమ్మకం.

పొరుగూళ్ళ వాళ్ళు మన గరగ వంకరని నవ్వితే తల దించుకోకండి. వాళ్ళు నిలబడ్డ నేల కూడా ఒరిగే ఉందని చెప్పండి. ఇక లేవండి, ఇళ్ళకు పోయి వేడి అన్నం తినండి.