ఓబులయ్య వినని మాట

అనగనగా కొండ కింద ఒక అడవి. ఆ అడవిలో మూలికల కొట్టు పెట్టుకుని ఓబులయ్య అనే ముంగిస ఉండేవాడు.

ఓబులయ్యకి ఒక పట్టింపు ఉండేది, పిల్లలూ. ఎవరొచ్చి ఏ మందు అడిగినా ముందు వెలుతురులో నిలబెట్టి, కింది రెప్ప లాగి, కళ్ళు చూసేవాడు. ఆ తర్వాతే మందు. కడుపునొప్పికి కళ్ళతో పనేమిటని కోతులు విసుక్కునేవి. చూపించకపోతే మందు లేదు, వెళ్ళమనేవాడు. నోరు కాస్త దురుసే గానీ హస్తవాసి మంచిది.

ఇంతలో అడవిలోకి ఫోన్లు వచ్చాయి. పక్క అడవి నక్క ఫోన్లోనే మందులు అమ్ముతోందని, గోరింకలు వాటిని గుమ్మం దాకా తెచ్చి ఇస్తున్నాయని అందరికీ తెలిసింది. కుందేళ్ళు అటు మళ్ళాయి. కోతులూ మళ్ళాయి. కొన్నాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్న ఓబులయ్య చివరికి తనూ ఒక ఫోను కొన్నాడు, ఒక గోరింకను పనిలో పెట్టుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. ఏటి అవతల ఉండే ముసలి దుప్పి సూరమ్మ అయితే, మోకాళ్ళ నొప్పులతో ఏరు దాటే బాధ తప్పిందని మురిసిపోయింది.

ఇక ఓబులయ్యకి ఊపిరి సలపని పని. పేరు చూడడం, పొట్లం కట్టడం, గోరింకకి ఇవ్వడం. కళ్ళు చూసే పట్టింపు ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియదు.

ఒకరోజు సూరమ్మ, ఆకలి వేయడం లేదు, మందు పంపమని ఫోన్లో రాసింది. శొంఠి పొడి పంపాడు. వారం తిరక్కుండా మళ్ళీ అదే అడిగింది. తన మందు అంత బాగా పనిచేస్తోందా అని సంబరపడి మళ్ళీ పంపాడు, తెలివి చూశారా. మూడోసారి ఆమెకి రాసే ఓపిక లేక మాటను రికార్డు చేసి పంపింది. ఓబులయ్యకి వినే తీరిక లేదు. ఇంకేం అడుగుతుంది, ఆ పొడే కదా అనుకుని మూడో పొట్లమూ కట్టేశాడు. పని ఒత్తిడిలో అది నాలుగు రోజుల తర్వాత గానీ బయలుదేరలేదు.

ఆ పొట్లం తిరిగి వచ్చింది. గోరింక దాన్ని బల్ల మీద పెట్టింది.

"తీసుకునేవాళ్ళు లేరు ఓబులయ్యా. సూరమ్మక్క పొద్దున్నే పోయింది. పచ్చకామెర్లంట" అంది.

ఓబులయ్య గబుక్కున ఫోను తీశాడు. అప్పుడు విన్నాడు, ఆమె రికార్డు చేసి పంపిన ఆ మాట. సూరమ్మ ఆగి ఆగి మాట్లాడింది.

"ఓబులయ్యా, ఆ పొడి పనిచేయడం లేదు నాయనా. నా కళ్ళు పచ్చబడ్డాయని చూసినవాళ్ళు అంటున్నారు. నేను రాలేను. నువ్వే ఒక్కసారి వచ్చి చూసిపోతావా? గుమ్మంలోనే పడుకుని ఉంటాను."

కామెర్లకి ఇచ్చే నేలఉసిరి కొట్టు వెనకే దుబ్బులు దుబ్బులుగా పెరిగి ఉంది. గుప్పెడు ఆకు చాలేమో. తన చేతకానితనం వల్ల కాదు, తన తొందర వల్ల ఒక ప్రాణం పోయిందని ఓబులయ్య కుమిలి కుమిలి ఏడ్చాడు.

ఆ రోజే ఏరు దాటి వెళ్ళాడు. అన్నం ఉడికేలోపు వెళ్ళి రాగల దూరమే అది. సూరమ్మ గుమ్మంలో గడ్డి ఇంకా నలిగే ఉంది.

ఇప్పటికీ ఓబులయ్య ఫోన్లోనే మందులు అమ్ముతున్నాడు. ప్రతి మాటా వింటాడు, ఫోన్లోనే కళ్ళు చూపించమంటాడు, అనుమానం వస్తే తనే బయలుదేరతాడు. ఇంత శ్రద్ధ ఎక్కడా చూడలేదని అడవంతా మెచ్చుకుంటోంది. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఓబులయ్య తల దించుకుంటాడు.

నీతి: అడిగింది ఇంటికే చేర్చే సదుపాయం మంచిదే. అడిగినవాళ్ళ మాట వినే తీరిక కూడా మనకి ఉండాలి.