సోమవారం ఒక్కపొద్దు

దూసి ధర్మారావు మాస్టారిని ప్రశ్న అడగడమంటే పని నెత్తికెత్తుకోవడమే. సముద్రం ఒడ్డునున్న ఒక నగరంలో, పెద్దాసుపత్రి ఉదరరోగాల విభాగానికి ఆయన పెద్ద. అడిగినదానికి జవాబు చెప్పడం ఆయనకు చేతకాదని గిట్టనివాళ్ళు అనేవారు. ఆయన చెప్పరు, చేయిస్తారు అని శిష్యులు సరిపెట్టుకునేవారు. ఎవరైనా సందేహం పట్టుకొస్తే కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, ఏదో ఒక పని పురమాయించేవారు. అది అడిగినదానికి జవాబో, మనిషిని వదిలించుకునే ఉపాయమో మొదట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

శిష్యురాలు డాక్టర్ హిమబిందు అడిగిన ప్రశ్న మాత్రం వదిలించుకునే రకం కాదు. పేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు పోయే జబ్బొకటి ఉంది. ఒంటిని కాపాడవలసిన బలమే దారి తప్పి పేగు మీద పడుతుంది. వచ్చిందంటే పూర్తిగా పోదు. మందులకి అణుగుతుంది, అదను చూసి లేస్తుంది. ఆ మందులూ సామాన్యమైనవి కావు, ఏళ్ళ తరబడి మింగితే వాటి బాధలు వాటికున్నాయి. అందుకని, జబ్బు బాగా అణిగినవాళ్ళకి మోతాదు సగం చేసినా నిలబడతారా అని తేల్చే పరిశోధన బిందు చేతిలో పడింది. సోమవారం సోమవారం రోగులు వచ్చేవారు. నిన్నా ఇవాళా ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళావు, నెత్తురు పడిందా అని ఆమె అడిగేది. గొట్టం వేసి పేగు చూడటం ఏడాదికోసారి మాత్రమే. మిగతా రోజుల్లో రోగి మాటే ఆధారం. ఆ మాటలన్నీ ఇంపుగానే ఉండేవి. ఒకరిద్దరు తప్ప అందరూ బాగున్నామనే చెప్పేవారు.

అలా చెప్పినవాళ్ళలో కోరాడ రమణమ్మ ఒకతె. "సుబ్బరంగా ఉన్నానమ్మా" అంది. బిందు ఆమె మందు సగం చేసింది. నెల తిరక్కుండా రమణమ్మ స్ట్రెచర్ మీద వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పై అంతస్తు వార్డులో ఆమె మంచం పక్కన నిలబడ్డ రోజు నుంచి బిందుకి అన్నం సయించడం లేదు. మళ్ళీ సోమవారం వస్తోంది. ఈసారి మందు సగం చేయవలసింది బొడ్డు సింహాచలానికి. కొండ దిగువ పల్లెలో కర్రపని చేసుకునే మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. లెక్క ప్రకారం అతను భేషుగ్గా ఉన్నాడు. అతని చొక్కా మాత్రం ప్రతి నెలా ఇంకొంచెం వదులవుతోంది. మందు తగ్గించే కాగితం మీద సంతకం పెడితే ఇతనూ రమణమ్మ పక్క మంచం మీదికి వస్తాడేమోనని ఆమె భయం. పెట్టకపోతే, ఏ ఆధారంతో పెట్టలేదని అడిగితే చూపడానికి ఆ వదులు చొక్కా తప్ప ఏమీ లేదు.

శనివారం మాస్టారి గదికి వెళ్ళింది. "మాస్టారూ, వీళ్ళ మాట వింటే జబ్బు తగ్గింది. మనుషుల్ని చూస్తే చిక్కిపోతున్నారు. నేను దేన్ని నమ్మాలి?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సోమవారం పొద్దున్న వాళ్ళందరికీ టిఫిన్ పెట్టించు. మనిషిని పెట్టి కాదు, నువ్వే వడ్డించు."

ఇదెక్కడి మోకాలికీ బోడిగుండుకీ ముడి అనుకుంది బిందు. నిద్ర కరువై తనుంటే ఈయన సంతర్పణ చేయమంటాడేమిటని కోపం కూడా వచ్చింది. కానీ ఆ విభాగంలో మాస్టారి మాట దాటినవాళ్ళు లేరు.

సోమవారం క్యాంటీన్ నుంచి మెత్తటి ఇడ్లీలు, కారం లేని చట్నీ తెప్పించి బయటి హాల్లోకి తీసుకెళ్ళింది. ఫ్యాన్ల కింద కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. జనమంతా మరుగుదొడ్లవైపు వెళ్ళే సందు మొదట్లో, గోడవార చతికిలబడి ఉన్నారు. పల్లెటూరి మొహమాటం, కుర్చీ ఎక్కరు అని ఎప్పటిలాగే అనుకుని ముందుగా సింహాచలం ముందు ఆకు వేసింది. అతను రెండు చేతులూ జోడించాడు.

"ఇయ్యాల సోమారం కదమ్మా. ఒక్కపొద్దు."

శివుడి వారం, సరే. పక్కనున్న ముసలాయనకి వడ్డించబోయింది. ఆయనకీ ఒక్కపొద్దే. ఆ పక్క పడుచుపిల్లకీ ఒక్కపొద్దే. ఇంతమంది భక్తుల్ని ఒక్కచోట పోగేసిన జబ్బు ఇంకోటి ఉండదని బిందు లోపల నవ్వుకుంటూ వరస చివరికి వచ్చింది. అక్కడ మరియమ్మ కూర్చుని ఉంది. మెడలో శిలువ, ఆదివారం ప్రార్థన తప్పితే ప్రాణం పోయినట్టుంటుందని తనే ఎన్నోసార్లు చెప్పిన మనిషి. ఆకు వంక చూడకుండానే, "సోమారం కదమ్మా, ఒక్కపొద్దు" అంది.

గరిటె పట్టుకున్న బిందు చేయి ఆగిపోయింది. ముందువాళ్ళ జవాబు విని మరియమ్మ అదే అప్పచెప్పింది. అంటే ఆ మాట భక్తితో వచ్చినది కాదు. అందరూ దేనికో జడిసి ఉన్నారు. దేనికో తెలియక ఇప్పుడు బిందుకీ భయం పట్టుకుంది. తిరిగి సింహాచలం దగ్గరికి వెళ్ళి, అతనితో సమానంగా నేల మీద కూర్చుంది.

"సింహాచలం, నిజం చెప్పు. ఎప్పటినుంచి తినలేదు?"

అతను ఆకుని కొంచెం పక్కకి జరిపాడు. "శనారం రాత్రి తిన్నానమ్మా. ఆపైన మంచినీళ్ళు గుక్కెడు. మా ఊరి బస్సు ఎక్కడా ఆగదు. ఆపినా, రోడ్డు పక్కన కూకోడానికి చెట్టూ పుట్టా నేదు. ఒకపాలి డ్రైవర్ని కాళ్ళట్టుకుని బతిమాలినాను. ఇదిగో ఇదిగో అన్నాడు గానీ ఆపనేదు." గొంతు తగ్గించాడు. "బస్సులోనే అయిపోనాదమ్మా. సగం మంది మా ఊరోళ్ళే. కొంగులు ముక్కులకెట్టుకున్నారు. మా పెద్దపిల్ల నా పక్కనే ఉన్నాది. ఆ రోజునుంచి ఇక్కడికి రావాలంటే కడుపు ఎండగట్టుకునే వస్తాను."

"మరి నేను అడిగినప్పుడల్లా బాగున్నానని ఎందుకు చెప్పావు?"

"తమరు ఎన్నిసార్లు ఎల్లావని అడిగినారు. తినకపోతే ఏటి ఎల్తాను? తిన్నావా అని అడగనేదు." ఆమె మొహం చూసి జాలిపడి, నవ్వబోయాడు. "అయినా నేను నేదనగానే తమరు భేష్ అని నవ్వుతారమ్మా. ఆ నవ్వు సెడగొట్టడం ఎందుకులే అనుకున్నాను."

బిందు చుట్టూ చూసింది. అంతవరకు ఆమెనే చూస్తున్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలుసని కూడా ఒప్పుకోలేని సిగ్గు అది. వాళ్ళు సందు మొదట ఎందుకు కూర్చుంటారో, చొక్కాలు ఎందుకు వదులవుతున్నాయో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. రమణమ్మ కూడా అలాంటి బస్సులోనే, అలాగే పస్తుండి వచ్చి సుబ్బరంగా ఉన్నానని చెప్పి ఉంటుంది. ఆ ఆలోచనకి బిందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదిమంది ముందు ఏడవకూడదని పళ్ళు బిగపట్టింది.

"ఇవాళ నువ్వు బస్సెక్కడం లేదు. మరుగుదొడ్డి పక్కనే మంచం ఇప్పిస్తాను. తిను."

సింహాచలం మొదటి ముద్ద విషం ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు. తర్వాత ఆకలి భయాన్ని గెలిచింది. ఇడ్లీలన్నీ తిని, ఆకులో అంటిన చట్నీ కూడా వేలితో తుడుచుకుని నాకాడు. అది చూసి మరియమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

ఆ తర్వాత బిందుకి ఏ పనీ సాగలేదు. మిగిలిన రోగుల్ని చూస్తూనే చెవి సింహాచలం మంచం వైపు పడేసి ఉంచింది. ఏమీ కాకూడదని దేవుళ్ళకి దణ్ణాలు పెట్టుకుంది. ఏమీ కాకపోతే జబ్బు నిజంగానే తగ్గినట్టు, తన లెక్క నిలిచినట్టు. కానీ కాసేపటికే సింహాచలం మంచం మీంచి దూకినట్టు దిగి పరిగెత్తాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది. బిందు వెళ్ళి తలుపు బయట నిలబడింది. లోపల మూలుగు తప్ప మాట లేదు. అతను గోడ పట్టుకుని బయటికి వచ్చేసరికి నుదురంతా చెమట.

"అమ్మా, నెత్తురు సానా పడ్డాది."

మందు సగం చేసే కాగితం ఇంకా ఆమె కోటు జేబులోనే ఉంది. సంతకం పడలేదు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, సింహాచలాన్ని వార్డులో చేర్చుకుని, పూర్తి వైద్యం రాసింది. పేగు చూడటానికి ఏర్పాటు చేసింది. ఆ మందులు ఎక్కించేదాకా అతని మంచం దగ్గర్నుంచి కదల్లేదు.

సాయంత్రం మాస్టారి గదిలో నిలబడి జరిగినదంతా చెప్పింది. "పరిశోధన మొత్తం బూడిదలో పోసిన పన్నీరైంది మాస్టారూ. అన్నీ పస్తుల లెక్కలే. మీకిది ముందే తెలుసు కదా? తెలిసే నన్ను వడ్డించమన్నారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే రమణమ్మ..."

మాస్టారు ఈసారి కళ్ళజోడు తియ్యలేదు.

"తెలిస్తే రమణమ్మ కాగితం మీద నీ సంతకం కింద నా సంతకం ఉండేదా? మనుషులు చిక్కుతున్నారన్నావు. చిక్కినవాళ్ళకి తిండి పెట్టి చూడాలన్నంతవరకే నాకు తోచింది."

కిటికీ బయట పల్లెలకి పోయే ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. ఆయన అటు తిరిగారు.

"వచ్చే సోమవారం వడ్డన నేను చేస్తాను. నువ్వు సింహాచలం ఊరు వెళ్ళి, అక్కణ్ణించి వాళ్ళ బస్సులో రా. ఎక్కడా ఆగని ఆ దారి ఎంత పొడుగో నీకూ తెలియాలి."

"వాళ్ళలాగే ఏమీ తినకుండా రమ్మంటారా, మాస్టారూ?"

"కాదమ్మా. కడుపు నిండా తిని రా."