బొట్టు పెట్టిన బాణం

గుర్రమెక్కితే ఒక పగటిలో చుట్టి రావచ్చు, ఒకానొక రాజ్యం అంత చిన్నది. దాన్ని ప్రతాపగండ భూపతి ఏలేవాడు. రాజ్యం చిన్నదే గానీ ఆయన బిరుదులు పొడవు. భట్రాజు వాటిని చదివి ముగించేలోగా సభలో ఒక తాంబూలం నమలడం అయిపోయేది.

ఆ రాజుకు తండ్రి ఇచ్చిన మరవిల్లు ఒకటి ఉండేది. పొడవాటి దండె మీద అడ్డంగా బిగించిన విల్లు అది. నారిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి, దండె మీది గాడిలో బాణం పడుకోబెట్టి, కింద మీట నొక్కితే చాలు. చెయ్యి వణికేవాడు కూడా గురి కొట్టగలడు. ఇరవై ఏళ్లలో అది గురి తప్పిన దాఖలా లేదు.

దానికి బాణాలు చేసేవాడు బోయ మైలారు. ఒక్కో బాణం తోకకు మూడు గద్ద ఈకలు బంకతో అంటించి, పట్టుదారంతో కట్టేవాడు. గురిబల్ల దగ్గర నిలబడి, దిగిన బాణాలు పీకి తెచ్చేవాడు అతని తమ్ముడు బీరప్ప.

"మా అన్న కట్టిన బాణం ఎక్కడ దిగుతుందో నాకు ముందే తెలుసు" అని బీరప్ప గొప్పలు పోయేవాడు. అందుకే బల్లకు నాలుగడుగుల దూరంలోనే నిలబడేవాడు.

ఆ యేడు పుట్టినరోజుకు రాజుగారికి ఒక కోరిక పుట్టింది. తన ప్రతి బాణమూ తన ముద్ర మీదుగానే లోకంలోకి పోవాలి. కంసాలిని పిలిపించి, మరవిల్లు గాడిలో చివరి భాగాన బంగారు సింహముద్ర తాపడం చేయించాడు. పొద్దున తాపడం పూర్తయింది. మధ్యాహ్నం జనం ముందు రాజు విల్లు పట్టాడు.

మొదటి బాణం గురికి జానెడు ఎడమగా దిగింది. గాలి వల్ల అన్నాడు సేనను నడిపే దళవాయి. రెండోది మూరెడు ఎడమగా దిగింది. మళ్లీ గాలి అన్నాడు. ఆ రోజు ఆకు కదల్లేదు.

మూడో బాణం బీరప్ప గొంతులో దిగింది. అతను పక్కకు జరగను కూడా లేదు.

రాజు విల్లు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, విచారణ జరిపించాడు. దళవాయి ఆ బాణాన్ని తెచ్చి చూపించాడు. కింది ఈక ఎడమ అంచు చీరుకుపోయి ఉంది.

"ఈకలు సరిగా కట్టలేదు. అదే కారణం" అన్నాడు దళవాయి.

మైలారు బొటనవేలు తీయించాలని రాజు తీర్పు చెప్పాడు. పుట్టినరోజు వేడుకలు ఎనిమిది రోజులు. వేడుకల్లో నేల మీద రక్తం పడకూడదు గనుక తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి ముహూర్తం పెట్టారు. బీరప్ప రక్తాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ఆస్థానంలో పేరిభట్టు అనే చమత్కారి ఉండేవాడు. రోజుకు ఒక్కసారైనా రాజును నవ్వించడం అతని కొలువు. ఎనిమిదో రోజు సాయంత్రం అతను ఆయుధశాల వెనక మైలారును బంధించిన కొట్టుకు వెళ్లాడు. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు పెట్టిన అన్నం అలాగే ఉంది.

"సామీ, వేలు పోతే పోనీ" అన్నాడు మైలారు. "ఎల్లుండి దాకా ఉంచమని దొరగారికి చెప్తావా? ఎల్లుండి తమ్ముడి పదోరోజు. వాడికి పిల్లల్లేరు. నువ్వులూ నీళ్లూ వదలాల్సింది నేనొక్కణ్ణే. బొటనవేలు లేకుండా ఎలా వదిలేది?"

పోయినవాళ్లకు నీళ్లు వదిలేది బొటనవేలి పక్కనుంచే. ఆ సంగతి పేరిభట్టుకు వేరే చెప్పనక్కర్లేదు.

"అడుగుతానులే."

"ఎందుకులే సామీ, అడగొద్దు." మైలారు తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "చంపిన చేతి నీళ్లు చచ్చినవాడికి చేరవు కదా. ఆ ఈకలు కట్టేటప్పుడు పొద్దు వాలింది. నా కళ్లు ఈ మధ్య ఆనడం లేదు. వేలితో తడిమి కట్టాను. వాడు నన్ను నమ్మి అక్కడ నిలబడ్డాడు."

చావు జరిగి ఎనిమిది రోజులైనా ఆ మనిషి ఒక్కసారి కూడా ఏడవలేదని కాపలావాడు చెప్పాడు. ఏడ్చే హక్కు తనకు లేదనుకున్నట్టున్నాడు.

పేరిభట్టు ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత అడిగాడు. "చీరుకుపోయింది కింది ఈక ఒక్కటేనా?"

"ఒక్కటే. తక్కిన రెంటికీ ఏం కాలేదు."

"ముందు వేసిన రెండు బాణాలు?"

"వాటికీ అక్కడే. కింది ఈకకే, ఎడమ పక్కనే. కాస్త తక్కువగా."

పేరిభట్టు తన చెప్పు విడిచి చూపించాడు. "చూడు, మడమ దగ్గర ఎడమవైపే అరుగుతుంది. కుట్టినవాణ్ణి మూడు జతల దాకా తిట్టాను. నాలుగో జతకు తెలిసింది, వంకర నా నడకలో ఉందని. మూడు బాణాలూ ఒక్కచోటే చీరుకుపోతే నీ వేలు మూడుసార్లు అక్కడే తప్పిందంటావా? దారిలో ఏదో ఉంది గానీ."

"దారిలో ఏముంటుంది? పాత విల్లే కదా?"

"ఆ పొద్దునే గాడిలో బంగారు సింహం పెట్టించారు. నీకెవరూ చెప్పలేదా?"

మైలారు తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "అది దొరగారి ముద్ర సామీ. దాన్ని తప్పుపడితే పోయేది వేలు కాదు, తల."

"నేనెందుకు తప్పుపడతాను? దొరగారే తప్పుపడతారు."

తొమ్మిదో రోజు గురిమైదానంలో సభ తీరింది. తలారి కత్తి నూరుకుని నిలబడ్డాడు. మైలారును చేతులు ముందుకు కట్టి తెచ్చి నిలబెట్టారు. పేరిభట్టు పసుపు, కుంకుమ, కర్పూరం ఉన్న పళ్లెంతో వచ్చి రాజుకు నమస్కరించాడు.

"ప్రభువుల తీర్పును రాతి మీద చెక్కిద్దామనుకుంటున్నాను. మాట పోకుండా మరోసారి సెలవియ్యండి."

రాజు గొంతు సవరించుకున్నాడు. "బాణం గురి తప్పితే, దానికి ఈకలు కట్టిన చేతికి బొటనవేలు ఉండరాదు. ఆ చెయ్యి ఎవరిదైనా సరే."

"ఎవరిదైనా సరే" అని పేరిభట్టు జనానికి వినపడేలా చెప్పాడు. "ఇంకొక్క విన్నపం. రేపటి నుంచి మన రాజ్యంలో ఈకలు కట్టేవాడు ఉండడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక మేలుబంతి కావాలి. అరవైనాలుగు కళలూ తెలిసిన ప్రభువులు స్వహస్తాలతో ఒక బాణం కడితే..."

రాజుకు అరవైనాలుగులో ఎన్ని వచ్చునో ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం అప్పటికే ఉంగరాలు తీస్తున్నాడు.

బంక, దారం, ఈకలు తెచ్చారు. రాజు మొదటి ఈక అంటించాడు. మైలారు చూస్తూ ఊరుకోలేకపోయాడు. ముప్పై ఏళ్ల అలవాటు.

"కొంచెం తిన్నగా దొరా. ఆఁ, ఇప్పుడు దారం. బిగించండి. ఇంకాస్త."

మూడు ఈకలూ అయ్యాయి. మైలారు బాణాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత వేలితో తడిమాడు. "బాగా కుదిరింది దొరా. నేను కట్టినా ఇంతే" అన్నాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదని అందరికీ తెలుసు.

"ఆయుధానికి బొట్టు పెట్టకుండా ఎలా?" అని పేరిభట్టు తడికుంకుమ తీసుకుని మూడు ఈకల అంచులకూ దట్టంగా పూశాడు. బంక ఆరేదాకా కాచుకున్నారు. ఈసారి గురిబల్ల దగ్గర ఎవరినీ నిలబెట్టలేదు.

రాజు మీట నొక్కాడు. బాణం బల్లను దాటి ఎడమకు పోయి డేరా గుంజలో దిగింది. మొన్న ఒక మెడ ఎంత ఎత్తున ఉందో, సరిగ్గా అంత ఎత్తున.

అందరూ దళవాయి వైపు చూశారు.

"గాలి..." అన్నాడు దళవాయి.

పేరిభట్టు కర్పూరం వెలిగించి పళ్లెం పైకెత్తాడు. మంట నిటారుగా నిలబడింది.

"మధ్యాహ్నమైంది ప్రభూ" అన్నాడు.

రాజు పిడికిలి బిగించాడు. బొటనవేలు లోపల దాగింది. తలారి ఎటు చూడాలో తెలియక కత్తి వైపు చూశాడు.

"భయపడకండి" అన్నాడు పేరిభట్టు. "ప్రభువుల చెయ్యి తప్పు చెయ్యదు. మైలారు చెయ్యి చేసిందీ అదే పని. రెండు చేతులూ నిర్దోషులైతే మూడో దోషి ఎక్కడో దారిలోనే ఉండాలి. వాడు బొట్టు చెరిపాడేమో చూద్దాం."

మరవిల్లు తెచ్చి ఎండలో పెట్టారు. గాడి పొడవునా కుంకుమ సన్నటి గీతగా అంటి ఉంది. సింహముద్ర ఎడమ అంచు దగ్గర ఆ గీత ఒక్కసారిగా ముద్దకట్టింది. ఆ ముద్దలో చిన్న ఈక పీచు ఇరుక్కుని ఉంది.

రాజు వేలితో తడిమాడు. తాపడం అంచు బియ్యపు గింజ మందాన పైకి లేచి ఉంది. వేలు చీరుకుంది. అక్కడ తగిలి తోక పక్కకు తన్నుకుంటోంది, బాణం ముక్కు ఎడమకు తిరుగుతోంది. ప్రతి దెబ్బకూ అంచు ఇంకొంచెం లేస్తోంది.

రాజు తన వేలి మీది రక్తాన్ని చూసుకున్నాడు. ముద్ర ఎవరి కోరికో, ఆ రోజు మీట ఎవరు నొక్కారో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు.

"ఆ సింహాన్ని పీకెయ్యండి" అన్నాడు మెల్లగా. ఆయన ఇంత పొట్టి ఉత్తర్వు ఇవ్వడం అదే మొదటిసారి. "పేరిభట్టూ, ఆ బంగారం నీకే. ఇంకేం కావాలో అడుగు."

"బంగారం వద్దు ప్రభూ. ఒక దండోరా కావాలి. బీరప్పను చంపింది అన్న చెయ్యి కాదని ఊరూరా చాటించండి."

రాజు ఇబ్బందిగా కదిలాడు. "మరి ఎవరి చెయ్యి అని జనం అడిగితే?"

"ఎవరూ అడగరు ప్రభూ. మీ రాజ్యంలో అందరికీ బొటనవేళ్లు కావాలి."

సభంతా రాజు వైపు తిరిగింది. అప్పుడు రాజు నవ్వాడు. పెద్దగానే నవ్వాడు, సభ కూడా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తెగింది. మైలారు వెక్కిళ్లు వినపడ్డాయి. తొమ్మిది రోజుల ఏడుపు అది. "నేను కాదురా బీరా, నేను కాదు" అంటూ కట్లతోనే నేల మీద కూలబడ్డాడు. రాజు లేచి, ఆ కట్లు తనే విప్పాడు. తలెత్తి చూడలేదు.

సాయంత్రం దండోరా వేశారు. బిరుదులేవీ చదవలేదు.

మర్నాడు ఏటి ఒడ్డున పేరిభట్టే దగ్గరుండి పదోరోజు కర్మ జరిపించాడు. మైలారు దోసిట్లో నువ్వులు, నీళ్లు పట్టాడు. బొటనవేలి పక్కనుంచి వదిలాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"సామీ" అన్నాడు తల తిప్పకుండా. "కళ్లు ఆనడం లేదు. నీళ్లు ఎటు పడ్డాయి?"

పేరిభట్టు ఆ కొలువులో ఉన్నన్నాళ్లూ ఏ మాటకైనా చమత్కారంగా బదులిచ్చేవాడు. ఆ రోజు ఇవ్వలేదు.

"తిన్నగా పడ్డాయి మైలారూ" అన్నాడు. "తిన్నగానే పడ్డాయి."